దూరపు లెన్సులో అత్తగారు

లెన్సుని మొట్టమొదట తూచింది వంటింటి త్రాసులోనే. కోడలు బంగాళాదుంపల తొక్క తీస్తూంటే మొగుడు లోపలికొచ్చి, త్రాసులో ఉన్న ఉల్లిపాయల్ని బల్లమీదికి దొర్లించి, నల్లగా పొడుగ్గా ఉన్న ఆ గొట్టాన్ని అందులో నిలబెట్టాడు. వెనకాలే బావగారొచ్చి ముల్లు వైపు వంగి చూశాడు.

"రెండు కిలోలు!" అన్నాడు బావగారు, ఎవరో పోయిన కబురు విన్నట్టు. "మనిషన్నవాడు మోస్తాడా దీన్ని? కాసేపు ఎత్తి పట్టుకుంటే భుజం ఊడి చేతికొస్తుంది."

"అయితే మొదటి లోపం బరువు అన్నయ్యా," అన్నాడు మొగుడు. లెన్సు పట్టుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. ఉల్లిపాయలు బల్ల మీంచి ఒక్కొక్కటే కిందపడి దొర్లుతున్నాయి. కోడలు వాటిని ఏరుతూ, ఇందాక తను డాబా మీదికి ఎత్తుకెళ్ళిన తడి దుప్పట్ల బకెట్టుని తలుచుకుంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ తూచలేదు. నీళ్ళ డబ్బానీ తూచలేదు, గ్యాసు బండనీ తూచలేదు. ఈ ఇంట్లో మగవాళ్ళు ఎత్తాల్సి వచ్చినప్పుడే వస్తువుకి బరువు పుట్టుకొస్తుంది. ఈ మాట పైకి అనాలనిపించింది గానీ, అప్పటికి నోట్లో నవ్వు నిండిపోయి మాటకి చోటు లేకపోయింది.

ఆ ఇంట్లో కింద ఫొటో స్టూడియో, దాని వెనక వంటిల్లు, పైన కాపురం, ఆపైన డాబా. స్టూడియో ముందు గదిలో అన్నదమ్ములిద్దరూ కెమెరాలు మెళ్ళో వేసుకుని తిరుగుతారు. బావగారు పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ దగ్గర్నించి చూశాక ఆ సరదా తీరిపోయిందంటాడు. లోపలి గదిలో కంప్యూటర్ ముందు కోడలు కూర్చుంటుంది. వాళ్ళు తీసుకొచ్చిన ఫొటోల్లో వంకరగా ఉన్నవాటిని తిన్నగా, చీకటిగా ఉన్నవాటిని వెలుగ్గా, మసగ్గా ఉన్నవాటిని పదునుగా చేస్తుంది. చేసిన పనికి ఆమెకో జీతమూ లేదు, ఆ పనికో పేరూ లేదు. "లోపల మా ఇంటి కోడలుంది, చూస్తుంది లెండి," అంటాడు బావగారు. వచ్చినవాళ్ళకి కూడా ఆమె కోడలే. ఒకసారి ఒక పెళ్ళివారు ఆల్బమ్ చూసి మురిసిపోయి, "మీ చెయ్యి ఎంత నిలకడండీ!" అని బావగార్ని మెచ్చుకుంటే, ఆయన తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎంత వణుకుతుందో లోకంలో తెలిసింది కోడలొక్కదానికే. ఆ పెళ్ళి ఫొటోల మసక తుడిచేసరికి ఆమె కళ్ళు మసకబారాయి.

అసలామె మొగుడికి పరిచయమైంది ఫొటోగ్రఫీ క్లాసులో. అప్పుడామె మెళ్ళో కూడా కెమెరా ఉండేది. "మనిద్దరం కలిసి ఊరంతా ఫొటోలు తీద్దాం," అన్నాడతను. ఆ ఒక్క మాటకే ఆమె పెళ్ళికి ఒప్పుకుంది. పెళ్ళయ్యాక కలిసి అంటే అతను తియ్యడం, ఆమె తుడవడం అని తెలిసింది. పాప పుట్టింది, ఆమె కెమెరా బీరువాలో పై అరలోకి వెళ్ళింది. పాప బడికి వెళ్ళడం మొదలెట్టినా కెమెరా మాత్రం కిందికి దిగలేదు. గ్రౌండులో ఆటల పోటీలకి తనూ వస్తానని అడిగినప్పుడల్లా, "ఎండా, దుమ్మూ, తోపులాటా. నీకెందుకమ్మా? నీడపట్టున హాయిగా కూర్చుని చేసే పని నీది," అనేవాడు బావగారు. "నీ అంత ఓపిక నాకెక్కడిది?" అనేవాడు మొగుడు, పొగుడుతున్నాననుకుని. ఈ ఓపిక అన్న మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. ఓపిక ఉందన్నవాళ్ళ నెత్తినే కదా మరో తట్ట పెడతారు.

ఇంతలో ఈ లెన్సు వచ్చింది. డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరాలకి తగిలించే పెద్ద జూమ్ లెన్సు. నూట యాభై మిల్లీమీటర్ల నుంచి ఆరువందల దాకా సాగుతుంది. గ్రౌండు ఒక చివర కూర్చుని రెండో చివర పరిగెత్తే పిల్ల నుదుటి మీద చెమట తీసుకురావచ్చని చెప్పింది, దాన్ని తెచ్చిన లెన్సుల కంపెనీ అమ్మాయి. పొట్టి జుట్టు, వీపున సంచీ, గలగలా మాట. "వారం పాటు వాడి చూడండి. బాగుంటే బాగుందనండి, చెత్తగా ఉంటే చెత్తనే అనండి. కానీ ఫొటోలు కెమెరాలోంచి ఎలా వచ్చాయో అలాగే చూపించాలి, కంప్యూటర్లో వేలు పెట్టకూడదు. కదిలే మనిషి ఫొటో ఒకటి తప్పకుండా ఉండాలి. మీ పరీక్ష మాకు నచ్చితే వచ్చే ఆటల పోటీలన్నిటికీ లెన్సు మీ దగ్గరే ఉంచుతాం. ఒకటే షరతు. పరీక్షించిన చేతికే లెన్సు ఇస్తాం. గ్రౌండులోకి పాసు కూడా ఆ మనిషి పేరు మీదే."

తలుపు పక్కన టీ పళ్ళెంతో నిలబడ్డ కోడలు ఈ మాటని మనసులో మళ్ళీ ఒకసారి అనుకుంది. పరీక్షించిన చెయ్యి. ఆ రాత్రి గిన్నెలు తోముతూ తన చేతుల్ని చూసుకుంది. బావగారిలా తిప్పి తిప్పి కాదుగానీ, చూసుకుంది.

పరీక్ష అన్నదమ్ముల పద్ధతిలోనే మొదలైంది. పొద్దెక్కాక లేచి, తీరిగ్గా తిని, ఎండ నెత్తికెక్కాక డాబా మీదికి వెళ్ళారు. లెన్సుని మూడుకాళ్ళ స్టాండుకి బిగించి, కింది ఇళ్ళ రేకుల కప్పుల మీదుగా దూరపు నీళ్ళ ట్యాంకు మీది అక్షరాల్ని తీశారు. ఫొటోలు లోపలి గది కంప్యూటర్లో తెరిచి చూస్తే అక్షరాలు నీళ్ళలో మునిగినట్టు వంకర్లు పోతున్నాయి.

"చూశావా? ఆరువందల దగ్గర ఒట్టి మసక!" అన్నాడు బావగారు, గెలిచినట్టు. "కంపెనీ వాళ్ళ మాటలన్నీ కోటలు దాటతాయి. ఇది చెత్త లెన్సని చెప్పి తిప్పి పంపేద్దాం."

కోడలికి చూడగానే తెలిసింది. మరిగే నీళ్ళ గిన్నె మీదుగా ఎదుటి గోడని చూస్తే గోడ ఇలాగే వణుకుతుంది. కాలిన రేకుల మీది వేడిగాలి అది. పైగా, చేతి వణుకు ఆపడానికి లెన్సుకి ఒక మీట ఉంటుంది. స్టాండు మీద పెట్టినప్పుడు దాన్ని కట్టెయ్యాలి. వీళ్ళు కట్టలేదు. లేని వణుకుని ఆపబోయి లెన్సే వణికింది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. సామెతలో ఆడలేనిది కూడా అమ్మే చూడండి, అయ్యలు ఆడలేకపోతే మాత్రం మద్దెల నిజంగానే ఓటిదైపోతుంది.

"ఎండలో వేడికి గాలి కదుల్తుంది బావగారూ. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, ఆ మీట కట్టేసి తీస్తే..." అంది.

బావగారు చిరునవ్వు నవ్వాడు. కోపగించుకున్నా ఇంత బాధ ఉండేది కాదు. "ఫొటో చూడ్డం వేరు, తియ్యడం వేరమ్మా," అన్నాడు. మొగుడు ఆమె భుజం తట్టి, "టీ పెడతావా?" అన్నాడు. టీ పెట్టింది. పంచదార వెయ్యడం మర్చిపోయిందో, మర్చిపోవాలనుకుందో, మొత్తానికి వెయ్యలేదు. వాళ్ళు తాగేశారు, ఏమీ అనలేదు. పంచదార లేదన్న సంగతైనా కనిపెట్టని మనుషులు లెన్సులో లోపం కనిపెడతారట అనుకుని, ఏడుపు రావాల్సిన చోట మళ్ళీ నవ్వింది. కానీ ఆ నవ్వు వెనక నిజంగానే భయం వేసింది. ఈ లెన్సు వెనక్కి వెళ్ళిపోతే లోపలి గదిలో తన కుర్చీ ఇంకెప్పటికీ కదలదు.

మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములు ఏదో స్కూలు గ్రూపు ఫొటోకని వెళ్ళారు. పాప బడికి వెళ్ళింది. అత్తగారు పార్కుకి బయల్దేరింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. కోడలు కాపురానికొచ్చిన ఏడాదే మొదలయ్యాయి. అప్పట్నించీ పొయ్యి దగ్గర నిలబడలేదు, వంగి చీపురు పట్టలేదు. "నా మోకాళ్ళే బాగుంటేనా..." అని పెద్ద రాగం తీసి, మిగిలింది పూర్తి చెయ్యకుండా వదిలేస్తుంది. డాక్టరు చెప్పాడని రోజూ పార్కుకెళ్ళి, చదునైన నేలమీద నాలుగడుగులు నడిచి, మెట్ల కటకటాలు పట్టుకుని మూలుగుతూ వస్తుంది. వేడినీళ్ళ సంచీ కోడలు సిద్ధంగా ఉంచుతుంది.

బట్టల బకెట్టుతో డాబా ఎక్కబోతూ సోఫాలో పడున్న లెన్సు పెట్టెని చూసి కోడలు ఆగింది. బకెట్టు కింద పెట్టింది. స్టాండు జోలికి పోకుండా, ఒక కెమెరా చాలని మొగుడు ఇంట్లో వదిలి వెళ్ళిన కెమెరాకి లెన్సు బిగించుకుని పైకెక్కింది.

ఎత్తగానే ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఇదేం బరువు కాదు. ఎడమ అరచెయ్యి గొట్టం కింద పెట్టి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, పాప పసిగుడ్డుగా ఉన్నప్పుడు తల కింద చెయ్యేసి ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. వణుకు ఆపే మీట వేసింది. ఊపిరి సగం వదిలి ఆపి, బొత్తం నొక్కింది. నీళ్ళ ట్యాంకు అక్షరాలు చల్లటి గాలిలో కడిగినట్టున్నాయి. ఇక ఆమె అన్నీ మరిచిపోయింది. ఆకుల్ని తీసింది, ఇటుక గోడని తీసింది, తీగ మీది కాకిని తీసి దాని కంట్లో ఆకాశాన్ని చూసుకుంది. జూమ్ తిప్పేటప్పుడు మధ్యలో కాస్త బిగుసుకుంటోంది, వేళ్ళతో కాదు, అరచేత్తో తిప్పాలి. ఆరువందల దగ్గర అంచులు కొంచెం కరుగుతున్నాయి, వెలుగు వచ్చే రంధ్రాన్ని, అదే అపెర్చర్ని, ఒక మెట్టు మూస్తే మళ్ళీ గట్టిపడుతున్నాయి. నీడలో ఫోకస్ కాసేపు తడుముకుంటుంది, పట్టుకుందంటే మాత్రం వదలదు. దీని లోపాలూ దొరికాయి, గుణాలూ దొరికాయి. ఏళ్ళ తరబడి ఎవరో చూసినదాన్ని తుడిచిన మనిషి ఇవాళ తన కళ్ళతో తను చూస్తోంది.

ఇక మిగిలింది కదిలే మనిషి. లెన్సుని వీధుల మీదుగా పార్కు వైపు తిప్పింది. చెట్ల సందులో ఉయ్యాల ఒకటి పైకీ కిందికీ ఎగురుతోంది. దానిమీద ఎవరో నిలబడి, మోకాళ్ళు వంచి లేపి, వంచి లేపి, ఊపు పెంచుతున్నారు. ఎవరో హుషారైన పిల్లే అనుకుని ఫోకస్ పట్టింది. తెల్ల జుట్టు. ఆకుపచ్చ స్వెటర్. మోచేతి దగ్గర ఆ స్వెటర్‌కి అతుకు. ఆ అతుకు తను వేసిందే.

అత్తగారు!

కోడలికి ముందు కోపమే వచ్చింది. వేడినీళ్ళ సంచులన్నీ గుర్తొచ్చాయి. పైకి మోసిన టీలు, రాసిన తైలాలు, "నా మోకాళ్ళే బాగుంటేనా" అన్న రాగం, అన్నీ ఒక్కసారే నెత్తికెక్కాయి. ఇంతలో ఉయ్యాల ముందుకొచ్చింది. అత్తగారి నోరు బార్లా తెరిచి ఉంది, పళ్ళన్నీ కనిపిస్తున్నాయి, జుట్టు ముడి విడిపోయి గాలికి ఎగురుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముఖం అలా నవ్వడం కోడలు చూడలేదు. ఇంట్లో పక్కపక్కనే తిరుగుతూ చూడని ముఖం మూడు వీధుల అవతల కనపడింది. కోపం ఎటు పోయిందో పోయింది. కడుపుబ్బ నవ్వొచ్చి, చెయ్యి కదులుతుందని పెదవి కొరికి ఆపుకుని, వరసపెట్టి తీసింది.

కిందికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే అన్నిటిలోకీ అదే గొప్ప ఫొటో. ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. వేగంగా కదిలే మనిషిని ఈ లెన్సు పట్టుకోగలదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఇది చూపిస్తే అత్తగారి మోకాళ్ళ గుట్టు రట్టవుతుంది. చూపించకపోతే బావగారి వంకర అక్షరాలు వెళ్తాయి, లెన్సు వెళ్తుంది, గ్రౌండు వెళ్తుంది. ఎవరినీ అడక్కుండా ఫొటోలకి మెరుగులు పెట్టడం ఆమెకి అలవాటే. ఎవరినీ అడక్కుండా ఒకళ్ళ బతుకుని గోడకెక్కించడం మాత్రం చేతకాలేదు.

మెట్ల మీద మూలుగు వినిపించింది. "అమ్మా... అబ్బా..."

"అత్తయ్యా, బాగా నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదే, నిప్పు. సంచీలో నీళ్ళు పోశావా?"

"పోస్తాను. ఒక్కసారి లోపలి గదికి రండి."

తెర మీద తనని తను చూసుకున్న అత్తగారు తేలుకుట్టిన దొంగలా గుమ్మంలోనే ఆగిపోయింది. మోకాలు పట్టుకున్న చెయ్యి తనంతట తనే జారింది. మెల్లిగా, ఏ మూలుగూ లేకుండా వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఎక్కణ్ణించి తీశావు?"

"డాబా మీంచి."

"అక్కణ్ణించి ఇంత బాగా కనపడతానా!" అంది. స్టూలు తెర దగ్గరికి జరుపుకుని, "తిట్టవేమే?" అంది.

"ముందు తిట్టాలనే అనిపించింది. ఇన్నేళ్ళు ఎందుకత్తయ్యా?"

"ఎందుకేమిటి? మా అత్తగారికి నడుం. ఆవిడకి నడుం పట్టేశాక ఇంటెడు చాకిరీ నా నెత్తినపడింది. నువ్వొచ్చాక నాకు మోకాళ్ళొచ్చాయి. నొప్పి లేదంటే ఈ ఇంట్లో ఆడదాన్ని ఎవరు కూర్చోనిస్తారే? నీదగ్గర దాచానంటావా, తప్పే. నీ మీద పడిందని తెలీక కాదు. తెలిసే చేశాను. నామీద పడ్డప్పుడు ఎవరు చూశారని." ఆవిడ కోడలి చెవి దగ్గరికి వంగింది. "నువ్వూ ఏదో ఒకటి చూసుకో. మెడ నొప్పయితే మంచిది, డాక్టరు కూడా కనిపెట్టలేడు."

కోడలు పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నాకు కూర్చోవాలని లేదత్తయ్యా. కూర్చుని కూర్చునే విసుగెత్తింది. నాకు గ్రౌండులో నిలబడాలనుంది. ఈ ఫొటో చూపిస్తే నిలబడతాను. మీరొద్దంటే ఇప్పుడే చెరిపేస్తాను."

అత్తగారు తెర మీదికి వంగింది. వేలితో తన నవ్వుని తాకబోయి ఆగింది. "నేను ఇలా నవ్వుతానని నాకే తెలీదు," అంది. తర్వాత గట్టిగా, "చెరిపావో, ఊరుకోను," అంది. "కానీ వాళ్ళు చూశాక, రేపట్నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడమంటే?"

"అది నాకు వదిలెయ్యండి," అంది కోడలు. ఏం చెయ్యాలో ఆమెకింకా తెలీదు.

కంపెనీ అమ్మాయి వచ్చే రోజు పొద్దున మొగుడు లోపలి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఇదిగో, ఆ ట్యాంకు ఫొటోలకి కాస్త పదును పెట్టవూ? లెన్సు చెత్తదే అనుకో. కానీ మరీ ఇంత మసగ్గా ఉంటే మా చెయ్యి బాలేదనుకుంటుందేమో ఆ అమ్మాయి."

ఎప్పటిలా ఆమె చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. "ముట్టుకోకూడదంది కదండీ," అంది మెల్లిగా. "ఉన్నవి ఉన్నట్టే చూపిద్దాం." అతను ఆమె ముఖంలోకి చూశాడు. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

కంపెనీ అమ్మాయి వంకర అక్షరాలు చూసింది. బావగారు బరువు గురించి, మసక గురించి, కంపెనీల మోసాల గురించి ఉపన్యాసమిచ్చాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా తలాడించి, "ఇంకేమైనా ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి," అంది తలుపు దగ్గర్నించి కోడలు. ఈసారి చేతిలో టీ పళ్ళెం లేదు.

తెర మీదికి ట్యాంకు వచ్చింది, ఆకులొచ్చాయి, కాకి కన్ను వచ్చింది. ఉయ్యాల వచ్చేసరికి బావగారు కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా!" అన్నాడు. ఒకసారి తెరని చూశాడు, ఒకసారి మూల స్టూలు మీద కూర్చున్న తల్లిని చూశాడు. "నీ మోకాళ్ళు?"

"అక్కడున్నాయిగా, చూడు," అంది అత్తగారు. "ఎంత స్పష్టంగా ఉన్నాయో."

"ఎవరు తీశారండీ ఇవి?" కంపెనీ అమ్మాయి అడిగింది.

"మా స్టూడియో..." అని మొదలెట్టాడు బావగారు.

"నేను," అంది కోడలు. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. జూమ్ బిగుసుకునే చోటు, కరిగే అంచులు, తడుముకునే ఫోకస్, అన్నీ గబగబా చెప్పింది. బరువు సంగతి అడిగితే, "తడి దుప్పట్ల కంటే తక్కువే," అంది. కంపెనీ అమ్మాయి పకపకా నవ్వి, లెన్సు పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టింది. పాసు మీద రాయడానికి పేరు చెప్పమంది. కోడలు తన పేరు చెప్పింది. ఆ గదిలో ఆ పేరు పలికి ఎన్నాళ్ళయిందో, మొగుడు కూడా తలెత్తి చూశాడు. చూసి, "క్లాసులో కూడా నీ ఫొటోలే బాగుండేవి," అన్నాడు. ఇన్నేళ్ళు దాచుకున్న మాట కాబోలు, చెప్పేటప్పటికి చెవులు ఎర్రబడ్డాయి.

బావగారు మాత్రం ఇంకా తేరుకోలేదు. "బాగానే ఉందమ్మా, కాదన్లేదు. కానీ పోటీల రోజుల్లో నువ్వెళ్తే లోపలి గది ఎవరు చూస్తారు? వంటెవరు చేస్తారు? అమ్మకి మోకాళ్ళు..." అంటూనే తెర మీదికి చూపు పోయి ఆగిపోయాడు. ఆ వెంటనే ఆయన ముఖం వెలిగింది. "అవును, అమ్మకి బాగానే ఉన్నాయిగా!"

అత్తగారు కోడలి వైపు చూసింది. అది నాకు వదిలెయ్యండి అన్నావుగా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

"అత్తయ్యకి పొద్దున పూట ఉయ్యాల ఉంది బావగారూ," అంది కోడలు నెమ్మదిగా. "మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఈ ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు కదా."

కంపెనీ అమ్మాయి సంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు వంగి నవ్వుకుంది. మొగుడు గొంతు సవరించుకుని, "నేను టీ పెడతాను," అని లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె పడిన చప్పుడయింది. ఇంకో గిన్నె పడింది. బావగారు ఇబ్బందిగా కదిలి, తమ్ముడికి సాయానికని తనూ లేచి వెళ్ళాడు.

కోడలు లెన్సుని పెట్టెలోంచి తీసి కెమెరాకి బిగించి, ఎడమ అరచెయ్యి కింద పెట్టి ఎత్తుకుంది. కిటికీలోంచి వీధి చివరి గ్రౌండు వైపు గురి చూసింది. అక్కడ ఎవరో ఒక పిల్ల, పోటీలకి కాబోలు, ఒక్కతే పరిగెత్తుతోంది.

"పంచదార ఎక్కడుంది?" వంటింట్లోంచి కేక వేశాడు మొగుడు.

పాత అలవాటు కొద్దీ లేవబోయిన అత్తగారిని కోడలు ఒక చేత్తో భుజం పట్టి కూర్చోబెట్టింది. రెండో చేతిలో లెన్సు కదల్లేదు.

"మీ కళ్ళెదురుగానే ఉందండీ," అంది, పరిగెత్తే పిల్ల మీంచి చూపు తిప్పకుండానే. "ఇన్నేళ్ళుగా అక్కడే ఉంది. కాస్త చూడండి, కనపడుతుంది."